నాలుగు కిలోల నమ్మకం

"శ్రీనివాసపురం మామిడి మండీనా? కాయ మెత్తనా, గట్టినా?"

"గట్టి."

కోడ్ కలిసింది. ఫోన్‌లో చీఫ్ గొంతు మారింది. "ప్రేమరాజూ! గనివాళ్లు చెమటకు వేసుకునే ఉప్పు మాత్రల్లో విదేశీ ముఠా మత్తుమందు కలిపింది. రంగు, రుచి, బరువు ఒకటే. నిదానంగా కరగాలని బాగా గట్టిగా ఒత్తించారు."

"ఎవరి కోసం సార్?"

"గనిలోకి మనుషుల్ని దించే లిఫ్టు, ఆ కేజ్‌ని నడిపే ఇంజన్ డ్రైవర్ ఆంథోనీ కోసం. ఈ ఉదయం మన సైంటిస్టు గుండప్ప ఆ కేజ్‌లో దిగుతున్నారు. డ్రైవర్ కునికితే కేజ్ పాతాళానికే. ప్రయాణం ఆపితే ముఠా పారిపోతుంది. మాత్ర అందించే చేతిని పట్టుకో."

కేజీఎఫ్ బంగారు గనుల్లో ప్రేమరాజు మందుల ఇన్‌స్పెక్టర్ వేషంలో ఉన్నాడు. అసలు పేరు తెలిసిన మనిషి ఒక్కతే, సెలీన్. డిస్పెన్సరీ నర్సు, ముఠాలో మన ఏజెంట్. సాయంత్రాలు ఆమె కాఫీ కలిపి "ప్రేమా" అని పిలిస్తే చాలు, క్వార్టర్స్ గోడలు కూడా దగ్గరివాళ్లలా అనిపించేవి. మిగతా వేళల్లో అతనికి తోడు జేబులోని హార్డ్‌నెస్ టెస్టరే. మాత్రను బిగించి స్క్రూ తిప్పితే అది ఎంత ఒత్తిడికి విరుగుతుందో ముల్లు కిలోల్లో చూపిస్తుంది; మామూలు ఉప్పు మాత్రకు నాలుగు. 'టక్'మని మాత్ర విరిగినప్పుడల్లా అతనికి చిన్నపిల్లాడి సంతోషం.

ఫోన్ పెట్టేసిన కాసేపటికి సెలీన్ వచ్చి ఒక సీసా అందించింది. "మత్తు మాత్రలు ఇవే ప్రేమా. ఇంగ భయం లేదు."

ఆమె వెళ్లాక ఒకటి బిగించాడు. నాలుగు కిలోలకే టక్. ఇంకొకటి. నాలుగే. అన్నీ మామూలు మాత్రలు! అతని గుండెలో ఏదో అంతకంటే తక్కువ బరువుకే విరిగింది.

ఇంజన్ హౌస్‌కి పరుగెత్తాడు. గనివాళ్లు ఉప్పు మాత్రను రాగి అంబలిలో నలుపుకొని తాగుతారు. ముఠాకి ఈ సంగతి తెలీదు. ఆంథోనీ బొటనవేలితో మాత్రను నలపలేక కుస్తీ పడుతున్నాడు.

"ఏంది సార్ ఇది, రాయి మాదిరి ఉండాది! సెలీనమ్మ ఇచ్చిందే. అట్నే మింగేస్తా."

నోటి దగ్గర లాక్కుని బిగించాడు ప్రేమరాజు. నాలుగు... ఏడు... తొమ్మిది...

"చాలు ప్రేమా." గుమ్మంలో సెలీన్. చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్.

అతను స్క్రూ ఇంకొక్క చుట్టు తిప్పాడు. టక్! మాత్ర పెళ్లున పగిలి ముక్క ఆమె చెంపకు తగిలింది. ఆ రెప్పపాటులో ఆమె మణికట్టు అతని పట్టులో ఉంది.

"ఎప్పుడు అనుమానం వచ్చింది?"

"నాలుగు కిలోల దగ్గర."

చీఫ్ పంపిన పోలీసులు ఆమెను తీసుకెళ్లారు. గంట మోగింది, గుండప్ప ఉన్న కేజ్ నెమ్మదిగా దిగింది. కేజ్ దించి వచ్చిన ఆంథోనీ అంబలి గ్లాసు చాచాడు. "తాగప్పా. నా పెట్టెలోని పాత మాత్ర నలిపి ఏసినా."

ప్రేమరాజు టెస్టర్ బయటికి తీయలేదు. పరీక్షించకుండా నమ్మడం ఆ ఊళ్లో అతనికిది రెండోసారి. కాఫీ కంటే అంబలే బాగుంది.