గని బిడ్డలకు ఒక అమరుడు కావాలి

"ముందు ఒక పేరు పెట్టారు. తర్వాత పాట కట్టారు. ఆ తర్వాత శత్రువును చూపించారు" అన్నాడు చీఫ్. "ఇక వాళ్లకు కావలసింది ఒక్కటే. అమరుడు."

బెంగళూరులో పైకి ట్రావెల్ ఏజెన్సీలా కనిపించే సర్కారు గూఢచారి విభాగం సెక్షన్ నైన్ ఆఫీసు అది. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ చెన్నకేశవ కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్. మనిషే. కోరమండల్‌లో గని కూలీల లైన్ ఇళ్లలో పుట్టాడు. తండ్రి గనిలో డ్రిల్లర్.

గనులు సర్కారువై చాలా ఏళ్లయింది. బంగారం తగ్గింది, ఉద్యోగాలు తగ్గాయి. సరిగ్గా అప్పుడే విదేశీ డబ్బుతో 'గని బిడ్డలు' పుట్టుకొచ్చారు. పని దొరకని కుర్రాళ్లకు క్యాసెట్లు పంచారు. మీ నాన్న గుండెల్లో రాతిదుమ్ము, బజారు వర్తకుడి మెడలో బంగారు గొలుసు అని ఒక తియ్యని ఆడగొంతు చెప్పింది. ఆరు నెలల్లో ఆ కుర్రాళ్లు 'నేను' అనడం మానేసి 'మనం' అనడం మొదలుపెట్టారు. ఖాళీ కడుపుకు ఆ మాట ఎంత రుచిగా ఉంటుందో సర్కారుకు తెలియదు. ఆ డబ్బు పంపినవాళ్లకు బాగా తెలుసు.

ఆ గొంతు దాక్షాయణిది. ముఠాకు ఆమె మహారాణి. సెక్షన్ నైన్‌కు డబుల్ ఏజెంట్.

ఆదివారం మధ్యాహ్నం కె.జి.ఎఫ్. బజారు రాబర్ట్‌సన్‌పేటలో బట్టల వర్తకుడు గుండప్ప కూతురి పెళ్లి. చెన్నకేశవ మైకుసెట్టువాడి వేషంలో వైర్లు సర్దుతున్నాడు. యాంప్లిఫయర్‌లో వైర్‌లెస్ సెట్ దాగి ఉంది. కంచిపట్టు చీరలో ధగధగలాడుతూ దాక్షాయణి పక్కకు వచ్చింది.

"పాట బాగలేదప్పా, మార్చు" అంది. ప్రమాదం అని దాని అర్థం.

"యాడ?"

"మూడో బంతిలో బచ్చప్ప. టిఫిన్ క్యారియర్‌లో బాంబుండాది, జేబులో స్విచ్. యూనిఫాం కనబడితే నొక్కేస్తాడు. ఇంగ ఏం చేస్తావో చెయ్యి."

బచ్చప్పకు పాతికేళ్లు. నుదురంతా చెమట. ముందు కూర్చున్న విస్తరి ముట్టుకోలేదు.

"వాడికి ఎవరుండారు?"

"అమ్మ సొన్నమ్మ. నాయన రాక్ బర్స్ట్‌లో పోయినాడు. అన్న ఇప్పుడు షిఫ్ట్‌లో ఉండాడు, గని లోపల."

చెన్నకేశవ చెయ్యి వైర్‌లెస్ మీద ఆగిపోయింది.

గనిలో బండ పేలి కూలితే సైరన్ ఆగకుండా మోగుతుంది. అప్పుడు ఊళ్లో ఎవరికీ పగలుండవు. వర్తకులు షట్టర్లు దించి, కట్లు కట్టడానికో, కప్పడానికో గుడ్డ తాన్లు భుజాన వేసుకుని గని నోరు షాఫ్ట్ దగ్గరికి పరుగెత్తుతారు. ఎవరూ పిలవక్కర్లేదు. చిన్నప్పుడు ఆ సైరన్‌కు తన తల్లి ఒళ్లు ఎలా వణికేదో చెన్నకేశవకు తెలుసు. తెలిసే సెట్ ఆన్ చేశాడు.

"చీఫ్, గని సైరన్ మోగించండి. ఆపొద్దు."

"నీకు మతి పోయిందా? లోపల వందల మంది ఉన్నారు!"

"ఇక్కడా ఉన్నారు సార్."

సైరన్ మోగింది.

మంగళవాయిద్యం తెగినట్టు ఆగిపోయింది. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు ఎంగిలి చేతులతోనే లేచారు. పెళ్లికూతురు పీటల మీది నుంచి దిగి పరుగెత్తింది. గుండప్ప పెళ్లికి పెట్టబోయే పంచెల తాను భుజాన వేసుకున్నాడు.

"అన్న లోపలుండాడు! మా అన్న లోపలుండాడు!" అని అరుస్తూ బచ్చప్ప క్యారియర్‌ను వదిలేసి గుండప్ప వెనకే పరుగు తీశాడు. ఆరు నెలలుగా క్యాసెట్లు నూరిపోసిన 'మనం' ఆ ఒక్క మోతకు ఎగిరిపోయింది.

చెన్నకేశవ క్యారియర్ మూత తీసి నిర్ఘాంతపోయాడు. బచ్చప్ప జేబులోని స్విచ్‌కు స్పందించే భాగమే అందులో లేదు. ఉన్నదంతా ఒక గడియారం. బచ్చప్ప నొక్కినా నొక్కకపోయినా, దాన్ని ఒళ్లో పెట్టుకునే చావాలి. అమరుడు కావాలి కదా! ముల్లు గుర్తును తాకబోతుండగా అతని కట్టర్ ఎర్రతీగను తెంపింది. టిక్ టిక్ ఆగింది.

షాఫ్ట్ దగ్గరికి చేరేసరికి ఊరంతా అక్కడే ఉంది. గనిలోంచి మనుషుల్ని తెచ్చే కేజ్ పైకి వచ్చింది. బచ్చప్ప అన్న గీటు కూడా పడకుండా నడిచొచ్చాడు. ఎవరూ సంతోషించలేదు. గేటు దగ్గర సొన్నమ్మ పడి ఉంది. కోరమండల్ నుంచి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, గేటు పట్టుకుని, అక్కడే ప్రాణం వదిలింది. గుండప్ప ఏడుస్తూ పెళ్లి పంచె విప్పి ఆమె మీద కప్పాడు.

"సైరన్ దొంగదంట! సర్కారోళ్లు మోగించినారంట!" ఎవరో అరిచారు.

బచ్చప్ప తలెత్తాడు. ఎదురుగా మైకుసెట్టువాడు నిలబడి ఉన్నాడు.

"మా అమ్మ ఏం చేసిందప్పా వాళ్లకి? ఎవురు మోగించినారు?"

"నాకు తెలీదప్పా" అన్నాడు చెన్నకేశవ. ఉద్యోగంలో ఎన్నో అబద్ధాలు ఆడాడు. ఇంత నీచమైనది ఇదే.

గుంపులో ఎవరో గని బిడ్డల పాట అందుకున్నారు. ముందు పదిమంది, తర్వాత వందమంది. వర్తకులు కూడా గొంతు కలిపారు.

దాక్షాయణి ముఖంలో రంగు లేదు. "ఆరు నెలలుగా క్యాసెట్లలో అన్ని అబద్ధాలు చదివినాను. ఇంతమంది ఎప్పుడూ రాలేదు" అంది.

యాంప్లిఫయర్‌లోంచి తీసి సంచిలో వేసుకొచ్చిన వైర్‌లెస్ గరగరలాడింది.

"కంగ్రాచ్యులేషన్స్, చెన్నకేశవా! ముఠా నాయకుడిని ఎయిర్‌పోర్టులో పట్టేశాం. ఇక వాళ్లు ప్రచారం చేయలేరు."

"అవసరం లేదు సార్" అన్నాడు చెన్నకేశవ. "వాళ్ల పని మనం చేసిపెట్టాం."