గోడలు లేని ఇంటి గుమ్మం

"మా ఇంట్లోకి గోడలోంచి వచ్చిన మనిషిని మిమ్మల్నే చూస్తున్నానండి."

ప్రసన్నకుమార్ ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. గోడ లేదు. అసలు ఇల్లే లేదు. ఇసుక దిబ్బ మీద ఒక ద్వారబంధం నిటారుగా నిలబడి ఉంది. గడపకు పసుపు, పైన మామిడాకులు, ముందు తడి ఆరని ముగ్గు. దాని పక్కనుంచి నడిచి వచ్చి, వెనకవైపు ఇసుకలో స్థలాలు కొలిచే రోవర్ కర్ర పాతుకుని నిలబడ్డాడు అతను.

"ఇది ఇల్లాండి?"

"మరేంటనుకున్నారు? మీరు నిలబడింది వంటింట్లో. చెప్పులతో."

అతను చెప్పులు విప్పేశాడు. ఎందుకు విప్పాడో అతనికే తెలియలేదు. మాట్లాడుతున్న అమ్మాయి నవ్వు దాచుకోవడానికి చేపల గంపను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"బయటికి వెళ్ళి గుమ్మంలోంచి రండి సర్వేయర్ గారూ. కాస్త తట్టి రండి."

వెళ్ళాడు. చెక్క మీద తట్టాడు. గడప దాటుతూ, అంత ఎత్తు గుమ్మానికి అక్కర్లేకపోయినా, తల వంచాడు.

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట ఇసుక మీద కూర్చున్న పల్లె చినమొగ. ఊరంతా కొత్తగా కొలవడానికి ప్రభుత్వం అతన్ని అక్కడ వేసింది. ఏ స్థలంలో ఈరోజున ఎవరున్నారో చూసి కొలిచి వాళ్ళ పేర రాయడం అతని పని. గ్రామ సచివాలయం వెనక ఒక గది అద్దెకు తీసుకున్నాడు. సాయంత్రం తలుపు వేసుకుంటే సముద్రం ఒక్కటే మాట్లాడేది. అది మాట్లాడేది కూడా అతనితో కాదు.

ఆ గుమ్మం సంగతి ఊరిపెద్ద బుల్లియ్య చెప్పాడు. సముద్రం కొద్దికొద్దిగా లోపలికి వస్తోంది. ఇల్లు పోయేటప్పుడు జనం ద్వారబంధాన్ని మాత్రం ఊడదీసుకుని వెనక్కి వస్తారు. దిబ్బ మీద ఖాళీ చోటు చూసి నిలబెడతారు. నిలబెట్టిన చోటు వాళ్ళదే, గోడలు ఎప్పుడు కట్టుకుంటే అప్పుడు. కార్తీకంలో వచ్చిన తుఫానుకు ఇల్లు పోతే, ఆ అమ్మాయి వెంకటదుర్గ, వాళ్ళమ్మ కలిసి ఈ గుమ్మం నిలబెట్టారట. చలి తగ్గేలోపే తల్లి పోయింది. ఇప్పుడు ఆ పిల్ల పెదనాన్న కొడుకు జీవరాజు వాకిట్లో చాప మీద పడుకుంటుంది. తెల్లారగానే ఇక్కడికొచ్చి ఊడ్చి, ముగ్గేసి, గుమ్మంలోంచి బయటికి నడిచి, మలికిపురం సంతకు చేపలమ్మడానికి వెళుతుంది.

"స్థలం దాని పేర పడితే ఇల్లు శాంక్షనవుతుంది. లేకపోతే ఆ చాపే గతండి" అన్నాడు బుల్లియ్య.

ప్రసన్నకుమార్ ఆ వరస కొలత చివరికి పెట్టుకున్నాడు. రోవర్‌కు సిగ్నల్ అందడం లేదని తనకు తానే చెప్పుకున్నాడు. మిగతా ఊరంతా బాగానే అందుతోంది.

రోజూ అటువైపు ఏదో పని పడేది. వెళ్ళి చెక్క మీద తట్టేవాడు. ఆమె నాలుగడుగుల దూరంలో, ఏ అడ్డూ లేకుండా కనిపిస్తూనే, "ఎవరండీ?" అనేది. అతను పేరు చెప్పేవాడు. "ఏ పని మీద?" అనేది. అతను చెప్పులు విప్పే పనిలో పడేవాడు. ఇటుకల పొయ్యి మీద టీ కాచి ఇచ్చేది. హాలెక్కడో, దేవుడి గది ఎక్కడో చూపించేది. కిటికీ ఎక్కడ పెడితే బాగుంటుందని ఒకసారి అడిగితే అతను చాలాసేపు ఆలోచించి, పడమటివైపు అన్నాడు. ఎందుకన్నాడో చెప్పలేదు. పడమటివైపు సచివాలయం ఉంది.

"మీ ఇల్లెక్కడండి?" అందొకరోజు.

"నిడదవోలు."

"ఇల్లెక్కడంటే ఊరు చెప్తారేంటి?"

అతను టీ గ్లాసులోకి చూశాడు. చిన్నప్పుడే అమ్మ పోయిందని, నాన్న రైళ్ళ మీద తిరిగే ఉద్యోగం వల్ల తాను అత్తల ఇళ్ళలోనూ పిన్నుల ఇళ్ళలోనూ వంతులవారీగా పెరిగానని చెప్పాడు. అందరూ మంచివాళ్ళే. ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా ఆ ఇళ్ళన్నిటిలోనూ అతను పెరటిదారిన వచ్చి పెరటిదారిన వెళ్ళేవాడు. పొద్దున్నే లేచి పక్క చుట్టి, మంచం నిలబెట్టి, తన పుస్తకాలు మూలకు సర్దేసేవాడు. తాను అక్కడ ఉన్నట్టు ఆనవాలు కనిపించకుండా ఉండడమే మర్యాద అనుకునేవాడు. ఈ పెరటిదారి సంగతులేవీ పైకి అనలేదు. కానీ ఆమె విన్నట్టే తలాడించింది.

"మా ఇంటికి పెరడు లేదండి. సముద్రమే" అంది. "అందుకని మీకు ముందునుంచి రావడం తప్పదు."

ఆ రాత్రి గదిలో అతను ఆ మాటను చాలాసార్లు విప్పి చూసుకున్నాడు. అందులో తను అనుకున్నది ఉందో లేదో తేలలేదు.

తర్వాతి రోజు మధ్యాహ్నం గాలి లేచింది. ఆమె సంతలో ఉంది. అతను దిబ్బ మీదికి వెళ్ళేసరికి గుమ్మం ఊగుతోంది, అడుగున ఇసుక జారిపోతోంది. పడితే చెక్క విరుగుతుంది. అతను ఇంకేమీ ఆలోచించలేదు. రెండు చేతులా పట్టుకుని, నెమ్మదిగా వెల్లకిలా పడుకోబెట్టాడు. మామిడాకులు తీసి పక్కన పెట్టాడు. రోవర్ మీద కప్పే టార్పాలిన్ తెచ్చి, పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టాడు. చేస్తున్నంతసేపూ మనసులో ఒక వెచ్చదనం. ఆమె వచ్చి చూసి ఏమంటుందో ఊహించుకున్నాడు కూడా.

ఆమె వచ్చింది. గంప దించి, టార్పాలిన్ వైపు చూస్తూ నిలబడిపోయింది. వాన మొదలైంది. ఆ ముఖం మీద వానేదో కన్నీళ్ళేవో అతనికి తెలియలేదు.

"ఎవరు పడుకోబెట్టారండి?"

"నేనే. గాలికి విరుగుతుందేమోనని..."

"విరిగితే విరిగేది" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండునని అతనికి అనిపించింది. గుమ్మం లేకపోయినా, అది ఉండే చోటు మీదుగానే నడిచి బయటికి వెళ్ళిపోయింది.

ఊళ్ళో అందరికీ తెలిసిన ఆచారంలో రెండో సగం అప్పుడు చెప్పాడు బుల్లియ్య. గాలికి గుమ్మం పడితే అది గాలి తప్పు, ఎవరైనా మళ్ళీ నిలబెట్టచ్చు. మనిషి చేత్తో పడుకోబెడితే ఆ ఇల్లు ముగిసిందని అర్థం. వంశం అంతరించిన ఇంటి గుమ్మాన్నే అలా పడుకోబెడతారు. అలాంటిదాన్ని మళ్ళీ లేపాలంటే ఇద్దరు లేపాలి, చెరో వైపు చెక్కా పట్టుకుని. ఒకరు ఆ ఇంటివాళ్ళు. రెండో చెక్క ఎవరు పట్టుకుంటే వాళ్ళూ అప్పటినుంచి ఆ ఇంటి మనుషులే.

"ఆ పిల్లకి వేరే ఇంటివాళ్ళు లేరు కదండి" అన్నాడు బుల్లియ్య. "జీవరాజు పట్టుకుంటానంటున్నాడు. పట్టాడంటే స్థలంలో సగం వాడిది. వాడు ఐసు షెడ్డు వేసుకుంటాడు. చెడ్డోడు కాదు, అన్నం పెడుతున్నాడు. అందుకే అది కాదనలేదు. జీవరాజుని కాదని ఊళ్ళో ఇంకెవరూ చెయ్యి వెయ్యరు."

"పరాయివాడు పట్టుకుంటే?"

"పట్టుకున్నాక పరాయివాడు కాడు కదండి."

ప్రసన్నకుమార్ జీవరాజు వాకిటికి వెళ్ళాడు. వెంకటదుర్గ చూరు కింద వలకు చిల్లులు కుడుతోంది. గుమ్మం ఉన్నా లేకపోయినా స్థలం ఆమె పేరే రాసేస్తానని, తప్పు తనదేనని చెప్పాడు.

"ఏమని రాస్తారండి? పడుకున్న గుమ్మానికి?" అంది తల ఎత్తకుండా. "మీరు రాసి వెళ్ళిపోతారు. నేను ఈ ఊళ్ళో ఉండాలి. అబద్ధపు ఇంట్లో ఉండలేనండి."

"గోడలు లేనప్పుడు ఉన్నారు కదా."

"అది నిజం ఇల్లండి" అంది.

అతను గదికి వచ్చి తలుపు వేసుకోకుండా కూర్చున్నాడు. తనకు ఇంత భయం ఎందుకో మెల్లగా అర్థమవుతోంది. ఒకరింటిని పడుకోబెట్టేసినందుకు కాదు. తాను ఇంతకాలం బతికిన తీరే అది. చుట్టడం, సర్దడం, మూల పెట్టడం. ఒక వస్తువును నిలబెట్టి, ఇది నాది అని దాని పక్కన నిలుచున్న రోజు అతని జీవితంలో ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు.

ఉదయం ఆ వరస కొలతకు అందరూ దిబ్బ మీదికి వచ్చారు. ఆకాశం ఇంకా బరువుగానే ఉంది. జీవరాజు లుంగీ ఎగ్గట్టి సిద్ధంగా ఉన్నాడు. వెంకటదుర్గ ఎవరి వైపూ చూడకుండా వంగి, ఒంటరిగానే ఒక చెక్క పట్టుకుని ఎత్తబోయింది. ఒకవైపే లేచి ద్వారబంధం మెలిపడింది. మూల దగ్గర కీలు కిర్రుమంది. జీవరాజు అడుగు ముందుకు వేశాడు.

ప్రసన్నకుమార్ రోవర్‌ను బుల్లియ్య చేతిలో పెట్టాడు. చెప్పులు విప్పాడు. వెళ్ళి రెండో చెక్క పట్టుకున్నాడు.

జీవరాజు ఆగిపోయాడు.

"సార్" అన్నాడు బుల్లియ్య, "తెలిసే పట్టుకున్నారా?"

"తెలిసేనండి."

వెంకటదుర్గ అప్పుడు తల ఎత్తింది. ఇద్దరి మధ్యా చెక్క చట్రం సగం లేచి ఉంది. దాని అవతల సముద్రం ఏటవాలుగా కనిపిస్తోంది.

"జాలైతే వదిలేయండి" అంది, అతనికి మాత్రమే వినపడేలా. "తప్పు దిద్దుకోవడానికైనా వదిలేయండి. నేను ఏదో ఒకటి చూసుకుంటాను."

అతనికి ఎప్పుడూ అంతే, కావలసిన మాట ఎవరింట్లోనో మరిచిపోయి వచ్చినట్టుంటుంది. బుల్లియ్య వైపు తిరిగి, అందరికీ వినపడేలా, మండల కచేరీలో చెప్పినట్టు చెప్పాడు.

"ఈ స్థలం ఒక్కటీ నేను కొలవకూడదండి. మండలం నుంచి వేరే సర్వేయర్ వచ్చి కొలవాలి. స్థలం ఆవిడ పేరే పడాలి. నాకు వాటా ఏమీ అక్కర్లేదు. కానీ ఇంటి మనిషి కొలిస్తే చెల్లదు."

జీవరాజు ముందుగా నవ్వాడు. ఎగ్గట్టిన లుంగీ దించుకుంటూ, ఐసు షెడ్డు రేవు దగ్గరే వేసుకుంటాలెండి బావగారూ, అన్నాడు. బావగారు అన్న మాటకు ప్రసన్నకుమార్ వైపు చెక్క ఒక అంగుళం జారింది.

"మీ వైపు కొంచెం ఎత్తండి" అంది వెంకటదుర్గ. "వంకరగా ఉంది."

ఎత్తాడు. గుమ్మం నిలబడింది. ఆమె అడుగున ఇసుక కూరింది, అతను రాళ్ళు తెచ్చి వేశాడు. పని అయ్యేసరికి దిబ్బ మీద జనం పలచబడ్డారు. బుల్లియ్య రోవర్‌ను భుజాన వేసుకుని సచివాలయం వైపు నడిచాడు. అంతసేపు ఆగిన వాన ఒక్కసారిగా దిగింది.

అతను అలవాటు చొప్పున పక్కకు తప్పుకుని, తడుస్తూ నిలబడ్డాడు. ఆమె గడప దాటి వెళ్ళి, లోపలినుంచి వెనక్కి చూసింది.

"తడుస్తున్నారెందుకు? లోపలికి రండి."

అతను గుమ్మం ముందుకు వచ్చాడు. తట్టబోతే ఆమె వద్దన్నట్టు తల ఊపింది. గడప దాటాడు.

లోపలా అదే వాన.