సీతాబాయి బాల్కనీకి కట్టిన పరదా

మంజీర పొంగి న్యాల్‌కల్ దిక్కు చెరుకు తోటలన్నీ పండుకున్న ఏడు అది. ఆ ఏడే సీతాబాయి మా ఎదురు అపార్ట్‌మెంట్ల కిరాయికి దిగింది.

నాది జహీరాబాద్‌ల తాడిపత్రి పని. బొంబాయి రోడ్డు మీద పోయే లారీలకు సరుకు తడవకుండ కప్పే పట్టాలు కుడుత. కింద షటర్ల కొట్టు, పైన ఇల్లు. నా ఇంటిది పోయి పదకొండేండ్లు. మొదటి నుంచే నాకు మాట తక్కువ. ఆమె పోయినంక అది కూడా పోయింది.

మూడో రోజు ఎదురు బాల్కనీ నుంచి కేక వచ్చింది.

"ఓ పెద్దమనిషీ! మీ దిక్కు నుంచే కొడ్తుంది వాన. జర ఆపుకోరాదు?"

చూసిన. చేతిల చాయ గ్లాసు, నెత్తి మీద ప్లాస్టిక్ తట్ట. చాయల చినుకులు పడుతున్నయి. ఆమె నవ్వుతుంది.

"వాన నాది కాదు," అన్న.

"అబ్బ, నోరుంది! మూగోడనుకున్న."

సీతాబాయి దవాఖానల ఆయాగ చేసి రిటైరైంది. పెండ్లి చేసుకోలే. చనిపోయిన చెల్లె బిడ్డ గ్లోరీని సాది, రాయికోడ్‌ల పెండ్లి చేసింది. అల్లుని ఇంట్ల ఉండనని పట్టుబట్టి ఇక్కడ దిగింది.

అప్పటి నుంచి రోజూ నాలుగు గంటలకు ఆమె బాల్కనీల ఆమె, నా బాల్కనీల నేను. నడుమ సన్నటి గల్లీ. ఆమె చెప్పేది, నేను వినేది. లేవంగ నా మాటలు లెక్కజెప్పేది.

"ఇయ్యాల ఏడు. ఆదివారం గద, ఎక్కువిచ్చినవ్."

కొన్ని రోజులకు మీరు పోయి నువ్వు వచ్చింది. ఎప్పుడు వచ్చిందో నేను చూసుకోలే.

మరుసటి వానలకు ఆమె బాల్కనీ నిండ నీళ్లు. కుర్చీ నానింది. బ్లైండ్స్ వేసేటాయన వచ్చి కొలతలు తీసుకొని పోయిండు. ఆ రోజు సీతాబాయి చాయ తాగలే. గ్లాసు పట్టుకొని నిలవడ్డది.

"దేవరాజూ, బ్లైండ్స్ ఎయ్యమంటున్నరు. అవి దించితే ఇంక గల్లీ అవతలిది ఏం కనిపియ్యదంట. ఎయ్యాల్నా, వద్దా? నువ్వే చెప్పు."

ఆమె నా మొఖం చూస్తుంది. నేను ఆమె రేలింగ్ చూస్తున్న. ఎన్ని గజాల గుడ్డ, ఎన్ని రింగులు అని.

"ఎయ్యాలె. పడమటి వాన ఆగదు. వాళ్లవి గాలికి చినుగుతయ్. నేనే కుట్టి కడ్త."

వేళ్లు మడిచి లెక్కవెట్టింది.

"పది మాటలు," అన్నది. "ఎన్నడూ ఇన్ని లేకుండె."

మెచ్చుకున్నదనుకున్న.

వారం రోజులు వేరే పని ముట్టలే. మంచి పచ్చ గుడ్డ, రెండు వరసల కుట్టు, ఇత్తడి రింగులు. నా జన్మల అంత మంచిగ ఏ లారీకి కుట్టలే. నిచ్చెన వేసి, తాళ్లు బిగ్గ గుంజి ముళ్లేసిన. చుక్క నీళ్లు పోవు, చీమ దూరదు. లోపలికి పోయి నిలవడ్డ.

"మంచిగుంది," అన్నది సీతాబాయి. "ఎండొస్తే ఎట్ల లేపాలె?"

"తాడిప్పి."

"తాడేది?"

అప్పుడు సమజైంది. లారీకి ముడి ఎప్పుడూ బయట దిక్కే వేస్తం. లోపలున్న సరుకుకు ఇప్పుకునే పని లేదు గద. నలభై ఏండ్ల అలవాటుకు చేయి గట్లనే కట్టింది.

"నన్ను కూడ సరుకు లెక్క కట్టినవా దేవరాజూ?"

నవ్వుతదనుకున్న. నవ్వలే.

మార్చి కడ్తనని అందామనే ఉండె. అంతలనే, "ఉండనీ, నీకు గిట్లనే మంచిగున్నట్టుంది," అన్నది. నవ్వులాటకు అంటుందో కోపం మీద అంటుందో తెల్వలే. నిచ్చెన ఎత్తుకొని వచ్చిన.

ఆ తర్వాత కూడ నాలుగింటికి కూసునేటోన్ని. పరదా అవతల గ్లాసు పెట్టిన సప్పుడు వినవడేది. ఆమె పిలవకపాయె, నేను పిలవకపోతి. దసరా దాటినంక ఆమె సామాను ట్రాలీల ఎక్కింది.

"రాయికోడ్ పోతున్న. గ్లోరీ కాడికి."

"మంచిది," అన్న.

ఆ ఇంట్లకు మళ్ల ఎవ్వరు దిగలే. పరదా అట్లనే ఉండె. దాని దిక్కు చూడొద్దని చాయ కొట్లనే తాగుడు మొదలువెట్టిన.

ఈ వానలకు గ్లోరీ మిగిలిన కుర్చీ కోసం వచ్చింది. నా కొట్టు ముందు ఆగింది.

"దేవరాజ్ అంటే మీరేనా? మా పెద్దమ్మకు మాటలు పది చెప్పిన మనిషి?"

తల ఊపిన.

"ఆ బ్లైండ్సాయనకు పెద్దమ్మ ముందుగాలనే వద్దని చెప్పింది తెలుసా? కుర్చీ తడిస్తే తడవనీ అన్నది. మీరు కూడ వద్దంటరేమో అని అడిగి చూసిందంతే."

నా చేతిల సూది గుడ్డల అట్లనే ఆగింది.

"ఎట్లుంది?" అన్న.

"ఉంది. మా ఇంట్ల ఎవరికీ అడ్డం రాకుండ ఒక మూలకు కూసుంటది. నాలుగింటికి చాయ మాత్రం ముట్టది."

తెల్లారి షటర్ తియ్యలే. ఎదురు బాల్కనీకి నిచ్చెన వేసి ముళ్లన్నీ ఇప్పిన. వానకు బిగిసిన ముళ్లు, గోళ్లు లేచినయి. పట్టా మడిచి సంకల వెట్టుకొని రాయికోడ్ బస్సెక్కిన.

సీతాబాయి వాకిట్ల చిక్కుడుకాయ తుంచుతుంది. మనిషి సగమైంది. నన్ను చూసి లేవలే. పట్టా ఆమె కాళ్ల కాడ వెట్టిన.

"వద్దు," అన్న.

ఆ పచ్చ గుడ్డ మడత ఇప్పి ఇత్తడి రింగులు తడిమింది.

"గీ ఒక్క మాటకు ఏడాది పట్టిందా నీకు?"

మళ్ల వస్తనని ఆమె అనలే, రమ్మని నాకు నోరు రాలే. అరుగు మీద కూసొని, ఇంకా నాలుగు కాకపోయినా, చాయ అడిగిన.