బామ్మ ప్రాణం

ఉదయం 9:40. కళోత్సవంలో పిల్లల విభాగం. మూడో నంబరు డేరా వెనక గది.

పెట్టెలో బామ్మ బోర్లా పడి ఉంది.

అడుగున్నర చెక్కబొమ్మ. బోసినోరు, ముగ్గుబుట్ట తల. తొమ్మిది దారాల మీద ఆడుతుంది. ఎనిమిదింటిని ఎవరో కత్తిరించేశారు. నడినెత్తి దారం ఒక్కటే మిగిలింది.

పదకొండు గంటలకు ఆట. అప్పుడే బయట పిల్లల గోల వినిపిస్తోంది.

ఉత్సవం బందోబస్తుకు వచ్చిన ఇన్‌స్పెక్టర్ రెండు నిమిషాల్లో అక్కడున్నాడు. బామ్మను ఆడించే బొమ్మలాయన పెట్టె మూసి, దాని మీదే కూర్చున్నాడు. ఒక్కసారి మూత తీసి చూపించి మళ్లీ మూశాడు. లోపల ఏ దారం తెగింది, ఏది మిగిలింది అన్నది బయటికి పొక్కకూడదని ఇన్‌స్పెక్టర్ గట్టిగా చెప్పాడు.

"ఎవరి మీదైనా అనుమానమా?"

"అనుమానం కాదు సార్, రూఢి. ఆ మెజీషియన్. ఆట వేళల దగ్గర గొడవొచ్చి, నీ దారాలు తెంపుతానని నిన్న అందరి ముందే అన్నాడు. పదకొండులోపు వాణ్ణి జీపెక్కించండి. మళ్లీ ఏ పిల్లల ముందూ వాడు టోపీ తియ్యకూడదు."

ఉత్సవం మేనేజర్ కూడా అదే మాట మీదున్నాడు. పదకొండులోపు అసలు మనిషి దొరక్కపోతే మెజీషియన్‌ను పంపించేస్తారు. పిల్లల కార్యక్రమాలకు పిలవకూడని వాళ్ల జాబితాలో అతని పేరు ఎక్కుతుంది. ఇక ఏ ఊళ్లోనూ పిలుపు రాదు.

8:50కి బొమ్మ బాగానే ఉంది. ఆ తర్వాత వెనక గదిలోకి వెళ్లింది ముగ్గురే అని కాపలా మనిషి చెప్పాడు.

మొదట మెజీషియన్. అరవై దాటినవాడు. అతని సంచిలో కత్తెర దొరికింది.

"అది తాడు ట్రిక్కు కత్తెర సార్. వెన్నముద్ద కూడా తెగదు. కావాలంటే నా మీసం మీద పెట్టి చూడండి."

"బెదిరించారట?"

"నోరు జారాను. తొమ్మిది దారాలూ పోయాయటగా? అంత ఓపికే ఉంటే నా ఆట నేను బాగు చేసుకుందును."

రెండోవాడు పొడుగు కాళ్లాయన. వెదురు కాళ్ల మీద నడుస్తూ పిల్లల్ని నవ్విస్తాడు. 9:05కి కాళ్లు కట్టుకోవడానికే లోపలికి వెళ్లానన్నాడు. ఒకసారి కట్టుకున్నాక వంగడం తన వల్ల కాదట. బామ్మకు ఒక్క పోగు కూడా మిగల్చలేదని జనం అనుకుంటున్నారు, పాపం అన్నాడు.

మూడో మనిషి పులక్క. పిల్లల ముఖాలకు రంగులు వేస్తుంది. పొద్దున ఎనిమిదింటికే తన ముఖానికి పులి చారలు వేసుకుంటుంది కాబట్టి పిల్లలు పెట్టిన పేరు అది. 9:15కి నీళ్ల కోసం లోపలికి వెళ్లానని చెప్పింది.

ఆమె ముందు ఏడుస్తున్న చిన్నపిల్ల. పులక్క బ్రష్‌ను చన్నీళ్లలో ముంచి, పిల్ల చెంపకు తగలకముందే తన అరచేతిలో కాసేపు పట్టుకుంది. వెచ్చబడ్డాకే సీతాకోకచిలుక రెక్క గీసింది. పిల్ల ఏడుపు ఆపింది. ఇన్‌స్పెక్టర్ అది చూశాడు.

బొమ్మ పాడైందన్న కబురుకు ఆమె తలెత్తలేదు. "పోన్లెండి. ప్రాణం మిగిలిందిగా. బామ్మ లేస్తుంది" అంది.

ఊరడింపు మాట కదా అనుకుని ఇన్‌స్పెక్టర్ ముందుకు సాగిపోయాడు.

10:31. అతను వెనక గదికి తిరిగొచ్చాడు. ఆధారం ఏదీ దొరకలేదు. బొమ్మలాయన కొత్త దారాలు కడుతున్నాడు.

"ప్రాణం ఉంది గనక సరిపోయింది. లేకపోతే తల నిలబెట్టడానికే పూట పట్టేది" అని గొణుక్కున్నాడు.

ఇన్‌స్పెక్టర్ నిలబడిపోయాడు.

"ఏ ప్రాణం?"

"నెత్తి దారం సార్. మా నాన్న పెట్టిన పేరు. మా ఇంట్లో తప్ప ఇంకెవరూ అలా అనరు."

"మీ ఇంట్లో ఎవరెవరు?"

బొమ్మలాయన ముడి వదిలేశాడు. "ఇప్పుడు నేనొక్కణ్ణే. ఒక చెల్లెలుండేది. మాటల్లేక ఇరవై రెండేళ్లు."

10:40. ముగ్గురూ, మేనేజరూ పెట్టె చుట్టూ నిలబడ్డారు.

"బొమ్మ పాడైందనే నేను చెప్పాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈయన తొమ్మిదీ పోయాయనుకున్నాడు. ఆయన పోగు కూడా మిగల్లేదనుకున్నాడు. ఒకటి మిగిలిందని తెలిసింది నాకూ, బొమ్మలాయనకూ, కత్తెర పట్టిన మనిషికీ. ప్రాణం మిగిలిందని మీరన్నారమ్మా. నేను మామూలు మాట అనుకున్నాను. అది దారం పేరు."

తడిగుడ్డ అందించాడు.

పులక్క వద్దనలేదు. నుదురు, చెంపలు, గడ్డం. చారలు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. పొద్దుట్నుంచి రెండుసార్లు ఆమె పక్కనుంచే నడిచి వెళ్లిన బొమ్మలాయన డేరా గుంజకు ఆనుకున్నాడు.

"చిట్టీ."

"గుర్తుపట్టావే."

మిగతాది ఆమె ఇన్‌స్పెక్టర్‌కే చెప్పింది. తండ్రి బామ్మను చెక్కింది కూతురి గొంతు కోసం. పదేళ్లు ఆ గొంతుతోనే బామ్మ మాట్లాడింది. తండ్రి చనిపోయిన వారంలోనే ఆమె పురిటికి ఆసుపత్రిలో చేరింది. బిడ్డతో ఇంటికొచ్చేసరికి పెట్టె లేదు, అన్న లేడు. ఇప్పుడు డేరా బయట కట్టిన అన్న పోస్టర్లో మాత్రం ఉంది, ‘స్వయంగా చెక్కిన బొమ్మ, సొంత గొంతు’ అని.

"రెండు వందల మంది పిల్లల ముందు వీడు చేతులు ముడుచుకుని నిలబడాలి. అదే నాకు కావాలి."

"మరి ప్రాణం ఎందుకు వదిలారు?"

"అది నాన్న కట్టిన ముడి. చెయ్యి రాలేదు."

ఆ రంగు కింద ఇంత పులి ఉందని తెలిస్తే నిన్న తాను నోరే విప్పేవాణ్ణి కాదని మెజీషియన్ అన్నాడు. మేనేజర్ అతని పేరున్న కాగితాన్ని చించి జేబులో కుక్కుకున్నాడు.

బొమ్మలాయన ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "కేసు వద్దు సార్. ఇంటి విషయం."

"వద్దంటే ఎలా అన్నయ్యా? పెట్టు. కోర్టులో నేనూ నోరు విప్పుతాను."

ఇన్‌స్పెక్టర్ రిపోర్టు పుస్తకం తెరిచాడు. ఒక గడి దగ్గర పెన్ను ఆపాడు.

"సొత్తు ఎవరిది? మీదంటే ఈవిడ మీద కేసు. ఈవిడదంటే తన వస్తువు తాను కోసుకుంది, నాకిక్కడ పని లేదు. ఏం రాయను?"

10:52. బయట పిల్లలు లయగా చప్పట్లు కొడుతున్నారు.

బొమ్మలాయన చెల్లెలి వైపు చూడలేదు. "ఆవిడదే" అన్నాడు.

"వినపడలేదు" అంది ఆమె. బల్ల మీది మైకు తీసి అన్న చేతిలో పెట్టింది. "అక్కడ చెప్పు."

11:00. తెర ముందు బొమ్మలాయన గొంతు.

"ఈ బామ్మ నాది కాదు పిల్లలూ. మా చెల్లెలిది. నేను ఎత్తుకొచ్చేశాను."

ఆట మొదలైందనుకుని పిల్లలు పగలబడి నవ్వారు.

తెర వెనక ఆమె ఎనిమిదో దారం ముడి వేస్తోంది. ఆ ముఖంలో ఇప్పుడైనా కాస్త తెరిపి కనిపిస్తుందేమోనని ఇన్‌స్పెక్టర్ చూశాడు. ఆమె మిగిలిన దారాన్ని పంటితో పుటుక్కున తెంపింది.

"నవ్వుల్లో కలిసిపోయింది సార్" అంది. "ఇంకోసారి చెప్పమనండి."