ఐదో ప్యానెల్ వెలగలేదు

"నీలం చొక్కాకి బొత్తాం ఊడిందని ఇది వేసుకొచ్చారా?" అంది ఆఫీసులో నా ఎదుటి సీటు అమ్మాయి, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే.

నాకు మతి పోయింది. బొత్తాం ఊడింది పొద్దున ఏడింటికి, మా ఇంట్లో. ఈవిడకెలా తెలిసింది?

మేం గోడ నిండే కంప్యూటర్ తెరలు తయారుచేస్తాం. పన్నెండు ప్యానెళ్లు పేర్చి ఒకే తెరగా కలపడం నా పని. వేలితో రాస్తే దాని మీద కనబడేలా ప్రోగ్రాం రాయడం ఆమె పని. ఇంటి వాడకానికి పనికొస్తుందో లేదో చూద్దామని మొదటి తెరను మా ఇంటి హాల్లోనే బిగించాం. అమ్మ దాని మీద సరుకుల జాబితా రాసుకుంటోంది.

"అన్నట్టు, మీ ఇంటి తెరలో ఐదో ప్యానెల్ కేబుల్ లూజుగా ఉందన్నారు. మార్చారా?"

"ఎప్పుడో మార్చేశా."

మార్చలేదు. ఆమె ముందు బద్ధకస్తుడిలా కనబడటం ఇష్టంలేక అబద్ధమాడాను.

మర్నాడు, "జలుబుకి మందేసుకున్నారా?" అంది. జలుబు సంగతి అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. ఈ అమ్మాయి వెక్కిరిస్తోందో, పట్టించుకుంటోందో అర్థమయ్యేది కాదు. నాకేమో ఆమె ఇటు చూస్తే చాలు, చేతిలో స్క్రూ జారిపోయేది.

శుక్రవారం అసలు ఇటు చూడనే లేదు. సాయంత్రం వాన పడుతుంటే గొడుగు ఇవ్వబోయాను.

"చదివి కూడా ఏమీ ఎరగనట్టు భలే నటిస్తున్నారు!"

"ఏం చదివానండీ?"

"ఏం లేదు. వేరే ఊరి ప్రాజెక్టుకి రమ్మంటున్నారు. సోమవారం సరేనని చెప్పేస్తా."

వానలోనే విసవిసా వెళ్లిపోయింది. గొడుగు చేతిలో ఉండగానే నేనూ తడిసి ఇల్లు చేరాను.

అమ్మ తెర ముందు దిగులుగా కూర్చుంది. "గోడమ్మాయి రెండ్రోజులుగా పలకట్లేదురా."

"గోడమ్మాయెవరు?"

"అదేరా, మీ ఆఫీసు పిల్ల. నీ బొత్తాం సంగతీ, జలుబు సంగతీ, నేనేం రాసినా పక్కనే జవాబు రాసేది; చదివి చెరిపేసేదాన్ని. మొన్న ఒక మాట అడిగా. కోపమొచ్చినట్టుంది."

అప్పుడు వెలిగింది నాకు. మొదటిరోజు పరీక్ష కోసం ఈ తెరను ఆమె కంప్యూటర్‌కి కలిపి, తీసేయడం మరిచిపోయాను!

"ఏమడిగావమ్మా?"

నాలుగో ప్యానెల్ చూపించింది. "మావాడు అన్నం తింటున్నంతసేపూ నీ మాటలే చెప్తాడు. నీకు వాడంటే ఇష్టమేనా తల్లీ?"

దాని పక్కనే ఐదోది, నల్లగా.

స్టూలెక్కాను. పాత కేబుల్ పీకి కొత్తది పెట్టాను. ప్యానెల్ రెండుసార్లు మినుకుమని వెలిగింది.

"ఇష్టమే అత్తయ్యా. శుక్రవారం లోపు ఆయన ఒక్క మాట చెప్తే ఏ ఊరూ వెళ్లను."

"అత్తయ్యా అందిరా!" అమ్మ కళ్లు తుడుచుకుంది.

గబగబా రాశాను: "కేబుల్ ఇప్పుడే మార్చాను. అబద్ధం చెప్పినందుకు క్షమించు. నువ్వంటే నాకు చాలా ఇష్టం. వెళ్లొద్దు."

ఎవరు చూస్తారు? తడుస్తూ ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది. అయినా అక్కడే నిలబడ్డాను. నిమిషం, రెండు నిమిషాలు. ఐదో ప్యానెల్ మీద ఒక్కో అక్షరమే వచ్చింది.

"గోడ మీద కాదు, నోటితో చెప్పాలి. వాన తగ్గక మళ్లీ ఆఫీసుకే వచ్చా. గొడుగు తీసుకుని రండి."

నేను తిరిగి చూసేసరికి, అమ్మ గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.