పాత కాంటా దాకనే

మూడో బాయి మలుపు కాడ పొద్దు పొడవకముందు ఒంటరిగ పోవద్దంటరు.

మా దిక్కు బాయి అంటే నీళ్ల బాయి కాదు, బొగ్గు బాయి. మూడో నంబరు బాయి మూతబడి పదిహేనేండ్లాయె. మూసిన దినం, బాయిలకు దిగేటోళ్ల దీపాలు పెట్టే గదిల లెక్కవెడితే ఒక్క దీపం తక్కువొచ్చిందట... లోపటికి దిగిన మనుషులంత బయటికొచ్చిండ్రు. మరి దీపం ఎవ్వడు వట్టుకపోయిండు? గా ముచ్చటకు ఇప్పటిదాకా జవాబు లేదు. అప్పటిసంది తెల్లారగట్ల గా మలుపు కాడ ఎవరో పిలుస్తరంటరు. పలికితే — ఖతం. నాలుగైదు బండ్లు పడ్డయి. పోయిన వానకాలంల గూడ ఒక ఆపరేటర్ పిలగాడు గా తొవ్వలనే రైలు గేటు కాడ పడి సచ్చిపోయిండు.

నేను నమ్మేటోన్ని కాదు. నా పేరు హనుమంతు. కరీంనగర్ల బస్టాండు ఎనుక గల్లీల నాది హెల్మెట్ల దుకాణం. ఇరవై రెండేండ్ల సంది అమ్ముతున్న. బండ్లు ఎందుకు పడతయో నన్నడుగుండ్రి. హెల్మెట్ కొనుక్కపోయి మోచేతికి తగిలిచ్చుకునే జనం మనది. ఫస్టు షిఫ్టుకు పోయేటోడు నాలుగున్నరకు లేస్తడు, సగం నిద్రల బండి నడుపుతడు, మలుపు కాడ కింద పడతడు, ఇంటికొచ్చి దెయ్యం పిలిచిందంటడు. నిద్రపోయిన అంటే ఇజ్జత్ పోతది గద.

గట్ల ఎక్కిరిచ్చుకుంట బతికినోన్ని. ఇగ జర నిమ్మళంగ ఇనుండ్రి.

మొన్నటి చలికాలం, నాగరాజు అని, గా రైలు గేటు అవతలి బాయిల పనిచేసే పిలగాడు నా దుకాణానికొచ్చిండు. ఎంబడి ఆయన పెండ్లాం ఉమారాణి, సంకల నెలల పిల్ల. పెద్దపల్లిల ఉంటరు. క్వార్టర్ ఇంక రాలే, దినాం బండి మీదనే డ్యూటీకి పోవుడు. హెల్మెట్ల పెట్టుకునే బ్లూటూత్ సెట్టు కావాలన్నరు.

నాగరాజు అడిగింది అందరడిగేదే. "అన్నా, పాటలు దద్దరిల్లుతయా?"

"నువ్వు డ్యూటీకి పోతున్నవా, బరాత్‌ల ఎగురనీకి పోతున్నవా?" అన్న.

ఉమారాణి నవ్వలే. పిల్లను గీ భుజం మీదికెల్లి గా భుజం మీదికి మార్చుకున్నది. "పాటలు వద్దన్నా. గీయనకు బండి మీద నిద్రొస్తది. పిల్ల రాత్రంత పండనియ్యదాయె. మొన్న పోయి పోయి పొలంల వడ్డడు. వరి కోసిన పొలం గనుక బతికిండు. పిల్లకు పాలియ్యనీకి నేను ఎట్లాగు లేచే ఉంట. ఇంటికాంచి బాయి దాకా ఫోన్ల మాట్లాడుకుంట ఉంటే పండడు. గాలికి గూడ నా మాట ఇనబడాలె. గంతే."

మూడు డబ్బాలు ముంగట వెట్టిన. ఒకటి మెష్‌ది. పది బండ్లు కలిసి పోయినా అందరు అందరితోని మాట్లాడొచ్చు. ధర చూసి నాగరాజే డబ్బా మూత వెట్టిండు. రెండోది జోడీ. ఫోను లేకుండనే గీ సెట్టుకెల్లి గా సెట్టుకు మాట పోతది. ఎంత దూరం పోతదో డబ్బా మీద రాసే ఉంటది, ఇన్నేండ్లల్ల గా లెక్క ఎవ్వడు నన్నడగలే, అందరికి పాటల మోతనే కావాలె. వీళ్లకు జోడీ ఎందుకు, పిల్లతల్లి ఇంటికాడ ఉండె. మూడోది వాడిన సెట్టు. గసోంటి జోడీల ఒక్కటే నా దగ్గరికొచ్చింది. మైకు మంచిగుంది, బ్యాటరీ పొద్దంత వస్తది, సగం ధరకే ఇస్తనన్న.

ఉమారాణి ఊకెనే నమ్మే మనిషి కాదు. మొగనికి హెల్మెట్ తొడిగి రోడ్డు అవతలికి తోలింది. తను దుకాణంల నిలవడి ఫోన్ల మెల్లగ మాట్లాడింది. నడుమ ఇసుక లారీ పోయింది. ఆయన ఆడికెల్లి చెయ్యి ఊపిండు, ఇనబడుతుందని. "గిదే ఇయ్యన్నా" అన్నది. నేను దాంట్ల పాత ఫోను పేరు తీసేసి, నాగరాజు ఫోను కలిపిచ్చిన.

ఎనిమిది దినాలకు మల్ల వచ్చిండ్రు ఇద్దరు. బండి హ్యాండిల్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు. నాగరాజు మొఖం పీక్కపోయింది. సెట్టు తీసి కౌంటర్ మీద వెట్టి దూరం జరిగిండు.

"దీంట్ల ఎవరో ఉన్నరన్నా."

ఆయన చెప్పింది చెప్పినట్టు మీకు చెప్త.

మొదటి దినం. మూడో బాయి మలుపు ఇవతల ఫోను సిగ్నల్ పోతది, అది ఆ తొవ్వ నడిచేటోళ్లందరికి ఎరికే. రెండు దిక్కుల మట్టి దిబ్బలు. ఉమారాణి మాట సగంల తెగింది. మంచు గట్టిగ వడుతుంది. లైటు నాలుగడుగుల కన్న ఎక్కువ పోతలేదు... చెవిల టింగ్ మన్నది. సెట్టుల ఉండే ఇంగ్లీషు గొంతు — "కనెక్టెడ్."

సిగ్నల్ వచ్చిందనుకున్నడు. "ఆఁ, చెప్పు" అన్నడు.

ఊపిరి... ఎవరో ఊపిరి తీసుకుంటున్నరు. ఎంబడే గిన్నె నేల మీద వడ్డ సప్పుడు. మల్ల ఊపిరి. బండి పాత కాంటా దాటంగనే టక్కున తెగింది. కాంటా అంటే ఎనుకట బొగ్గు లారీలను తూచిన జాగ, ఇప్పుడు ఒట్టి గోడలు.

ఇంటికొచ్చి అడిగితే ఉమారాణి, "నీ ఫోను పది నిమిషాలు కలవనే లే" అన్నది.

రెండో దినం గదే జాగల టింగ్ మన్నది. ఈసారి మాట. ఆడమనిషి గొంతు, గుసగుస —

"నిద్రొస్తుందా?"

పలికితే ఖతమని నాగరాజు చిన్నప్పటిసంది ఇన్నడాయె. పండ్లు బిగవట్టి యాక్సిలేటర్ తిప్పిండు.

"గట్ల ఉరికియ్యకు... ముంగట మలుపుంది."

బండి ఎట్ల పోతుందో గూడ దానికి ఎరికే.

ఇగ దినాం గిదే వరుస. టింగ్... "కండ్లు తెరిచే ఉన్నయా?"... కాంటా కాడ ఖతం. బాయి కాడ మైసమ్మకు కొబ్బరికాయ కొట్టిండు. తాయెత్తు కట్టుకున్నడు. ఉమారాణి బేజారైతదని ఇంట్ల చెప్పలే. పనిల మనసు లేదు, అన్నం లోపటికి పోతలేదు, పక్కన ఎవరన్న గట్టిగ ఊపిరి తీసుకున్నా ఉలికిపడుడే.

ఏడో దినం మలుపు ఇవతలనే సెట్టు బందువెట్టిండు. ఏ గొంతు రాలే. పాణం నిమ్మళమైంది. మలుపు దాటిండు. కాంటా దాటిండు...

కండ్లు తెరిచేసరికి బండి కంకర మీదున్నది. ముంగటి చక్రానికి, కాల్వకు నడుమ జానెడు జాగ. రైలు గేటు ఇంకో వంద గజాలు ఉండొచ్చు. కండ్లు ఎప్పుడు మూసిండో ఆయనకే తెల్వది.

"గొంతుంటే భయానికి సస్త, లేకుంటే నిద్రకు సస్త" అన్నడు నాగరాజు. "ఏం జెయ్యమంటవన్నా?"

ఉమారాణి కండ్లల్ల నీళ్లు తిరిగినయి గని గొంతు గట్టిగనే ఉన్నది. "దాంట్ల ఎవరున్నరో నాకు అక్కెర లేదన్నా. నాకు మనిషి ఇంటికి రావాలె. సెట్టు మార్చియ్యి."

ఎప్పటి లెక్కనే నవ్వుదామనుకున్న. నవ్వు రాలే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. గా సెట్టుల ఫోను జోడీ వేరు, జత సెట్టు జోడీ వేరు. నేను పాత ఫోను పేరు తీసేసిన గని పాత జతను తీసెయ్యలే. జత సెట్టు దగ్గర్ల ఉంటే, ఫోను తెగంగనే, దానంతట అదే పోయి కలుస్తది. అంటే రెండో సెట్టు గా మలుపు కాడనే ఉన్నది. ఎవరో దాన్ని పెట్టుకొని ఉన్నరు... తెల్లారగట్ల, మూతబడ్డ బాయి కాడ.

నాకు దాన్ని అమ్మిన పిలగాడు యాదికొచ్చిండు. సెట్టు బిగిచ్చి ఉన్న హెల్మెట్ పగిలి ఉండె. "రెండోది ఏదిరా?" అంటే, "మా వదిన ఇయ్యనన్నది" అన్నడు. తక్కువకొస్తుంది గదా అని నేను ఇంకేం అడగలే. అడగాల్సి ఉండె.

తెల్లారి నాగరాజు ఎంబడి నేనే పోయిన. మలుపు ఇవతల చాయ్ హోటల్ కాడ ఆయన్ని దింపిన. ఆయన హెల్మెట్ నేను పెట్టుకొని, ఆయన బండి మీద ఒక్కన్నే కదిలిన. నాకేం భయమని అన్న గని, చాయ్ సగంలనే ఇడిసిపెట్టిన.

దిబ్బల నడుమకు పోంగనే మంచు మింగినట్టయింది. బండి సప్పుడు తప్ప ఏం లేదు. ఒక నిమిషం... ఇంకో నిమిషం...

టింగ్. "కనెక్టెడ్."

ఊపిరి.

"నిద్రొస్తుందా?"

ఇరవై రెండేండ్లల్ల ఎంతమందిని పిరికోళ్లని ఎక్కిరిచ్చిన్నో, అందరు యాదికొచ్చిండ్రు. అసలు ముచ్చట నాకెరికే. సెట్టు ఎట్ల కలుస్తదో ఎరికే. అయినా తిరిగిపోదామనిపిచ్చింది. బండి ఆపిన. పలికిన.

"ఎవరమ్మా నువ్వు?"

హెల్మెట్‌ను చెవికి ఇంక గట్టిగ ఒత్తుకున్న. మస్తుసేపటికి —

"దినాం పోయేటోనివి కాదు నువ్వు."

నేను ఎనుకకు తిరిగి చూసిన.

"ఎడమ దిక్కు చూడు... లైటేస్తున్న."

మంచుల పాత క్వార్టర్ల వరుస. ఒక్కటి తప్ప అన్నిటికి కప్పులు కూలిపోయినయి. చివరి దాంట్ల బల్బు వెలిగింది. తలుపు తెరుసుకున్నది. గడపల ఒక ఆడమనిషి నిలవడ్డది. చీర కనబడుతుంది, గాజులు లేని చేతులు కనబడుతున్నయి... మొఖం లేదు. మొఖం ఉండాల్సిన జాగల నల్లగ, నున్నగ, గుండ్రంగ ఏదో మెరుస్తుంది.

బండి ఇడిసిపెట్టి ఉరికేటోన్నే. గంతల ఆమె రెండు చేతులతోని గా తలకాయను పట్టుకొని మీదికి లేపింది.

హెల్మెట్.

లోపట ముప్పై ఏండ్లు దాటని పిల్ల. చెమటకు ఎంటికలు నుదుటికి అతుక్కున్నయి. నేను బండి దిగి, హెల్మెట్ తీసి దగ్గరికి పోయిన. నన్ను చూడలే, నా చేతిలకు తీసుకున్న హెల్మెట్‌ను చూసింది, దాని పక్కకున్న సెట్టును చూసింది.

"గది మా ఆయనది" అన్నది.

ఆమె పేరు రోజారాణి. పోయిన వానకాలంల గేటు కాడ పడ్డ ఆపరేటర్ భానుప్రసాద్ పెండ్లాం. బండి మీద తిరుగుదామని ఇద్దరు ఇష్టపడి జోడీ సెట్టు కొనుక్కున్నరట. ఇక్కడ ఫోను కలవది. అందుకని ఆయన ఫస్టు షిఫ్టుకు పోయేటప్పుడు ఒకటి ఆయన పెట్టుకునుడు, రెండోది ఈమె పెట్టుకొని పొయ్యి కాడ నిలవడి, ఇనబడినంత దూరం మాట్లాడుడు. హెల్మెట్ పెట్టుకొని వంట చేస్తుందని అందరు నవ్వేటోళ్లట.

నేను ఎంతకూ రాకపోయేసరికి నాగరాజు నడుసుకుంట వచ్చిండు. వాకిట్లనే ఆగిండు.

"ఆయన రాడని నాకు తెల్సన్నా. నా దిమాక్ మంచిగనే ఉన్నది" అన్నది రోజారాణి. "అయినా ఐదు దాటితే చేతులు ఆగుతలేవు. చార్జింగ్ పెట్టుడు, తలకు పెట్టుకునుడు. నాలుగు నెలలు ఏం సప్పుడు రాలే. మొన్నొకనాడు కనెక్టెడ్ అన్నది... చేతిల గిన్నె కింద పడ్డది."

హెల్మెట్ పట్టీ సవరిచ్చింది.

"ఆయన బండి సప్పుడు కాదది. ఎవరో ఏమో. ఎవరైతేంది, గీ యాళ్లకు గీ తొవ్వల పోయేటోడు ఫస్టు షిఫ్టుకే పోతడు. ఆయనకు గూడ నిద్రొస్తది గద. అందుకే అడిగిన."

నాగరాజు తలకాయ దించుకున్నడు. "ఒక్కనాడు పలకకపోతి అక్కా" అన్నడు. "భయపడ్డ."

తప్పు నాదేనని చెప్పిన. జతను తీసెయ్యాల్నంటే ఒక్క బటన్ పది సెకండ్లు ఒత్తి పట్టుకుంటే చాలని గూడ చెప్పిన. రోజారాణి నా బొటనవేలు దిక్కే చూసుకుంట నిలవడ్డది. నాగరాజు వచ్చి నా చెయ్యి పట్టుకున్నడు.

"వద్దన్నా. ఉండనీ."

లోపట పొయ్యి మీద నీళ్లు మసులుతున్నయి. మంచు జర పలుచబడ్డది, పాత కాంటా గోడలు లీలగ కనబడుతున్నయి. ఆమె గటే చూసింది.

"నువ్వు గీటినే అమ్ముతవు గద అన్నా. ఒకటి అడుగుత."

"అడుగు చెల్లె."

"గిది కాంటా దాకనే ఇనబడుతది. ఆయన కాంటా దాకా మంచిగనే మాట్లాడిండు. పొద్దుమీకి ఏం కూర వండుతవని గూడ అడిగిండు. మాట నడుమ తెగింది... దినాం తెగేదే గదా అనుకున్న. ఆయన పడ్డది గేటు కాడ." రైలు గేటు దిక్కు చెయ్యి చూపిచ్చింది. "గేటు దాకా పోయేది ఉన్నదా, నీ దుకాణంల?"

ఇరవై రెండేండ్లల్ల గా లెక్క నన్నడిగిన మొదటి మనిషి. ఏ డబ్బా మీద ఎంత దూరం రాసుంటదో నాకు నోటికొస్తది. ఉన్నదన్నట్టు తలకాయ ఊపిన.

"అయితే జల్ది తేవన్నా" అన్నది, హెల్మెట్ తుడుసుకుంట. "గీ తమ్మునికి రేపు గూడ ఫస్టు షిఫ్టే గద."