డేరాలో గాలి కన్నం

బట్టలు మెషీన్‌లో వేసే ముందు జేబులు తడిమి చూడటం కృపమ్మకు అలవాటు. కోడలు మెర్సీ ఎన్నిసార్లు వద్దన్నా వినదు. ఆ శుక్రవారం పొద్దున కూడా అలాగే కొడుకు కాలేబు చొక్కా అందుకుంది. అందుకున్న చేయి అలాగే ఆగిపోయింది.

చొక్కా తడిగా ఉంది. భుజాల నుంచి మోచేతుల దాకా తడే.

బహ్రెయిన్‌లో మార్చి తర్వాత వాన చుక్క పడలేదు. ఇప్పుడు నవంబరు నడుస్తోంది. కాలేబు పనిచేసేది వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్ గారి గోడౌనులో, స్టోర్‌కీపరుగా. పైపులు, పలకలు, మేకుల పెట్టెల మధ్య కూర్చునే మనిషి వానలో తడిసినట్టు ఎలా తడుస్తాడు? కృపమ్మ చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకుంది. ముతక నూలు గుడ్డ నీళ్లలో నాని, సగం ఆరితే వచ్చే వాసన. ఆ వాసన ఆమెకు కొత్త కాదు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట నర్సీపట్నంలో వాళ్ల ఇంట్లో ఎప్పుడూ ఉండేది, ఆమె భర్త దానియేలు ఒంటి మీద.

"మెర్సీ, ఓసారి ఇలాగ రా."

"ఫెలోషిప్‌కి టైమవుతోంది అత్తయ్యా. ఇంకా పాపకి జడ వెయ్యాలి."

"ముందు దీని వాసన చూడు."

"పొద్దున్నే చెమట వాసన ఎవరు చూస్తారండీ!" అంటూనే వచ్చి చూసింది మెర్సీ. ఆమె సీఫ్‌లో ఒక క్లినిక్‌లో నర్సు. వాసనలకు జడిసే మనిషి కాదు. "ఏదో తడిబట్ట వాసన. ఏముంది ఇందులో?"

"ఇది డేరా గుడ్డ వాసన."

మెర్సీ నవ్వేది. కానీ అత్తగారు జేబులోంచి తీసిన కాగితం చూశాక నవ్వు రాలేదు. కాలేబు చేతిరాత. కృపమ్మ పలక పట్టి బడికి వెళ్లిన మనిషి కాదు, పెళ్లయ్యాక బైబిలు ముందు పెట్టుకుని తనకు తానే అక్షరాలు నేర్చుకుంది. వేలు పెట్టి ఒక్కొక్క మాటా పైకి చదివింది.

"ఎనిమిది మందికి. రెండు తలుపులు. గొట్టానికి దారి. చలి ఎక్కువ, దుప్పట్లు కొనాలి."

"ఎనిమిది మందేంటి?" అంది మెర్సీ. "మీరు, నేను, ఆయన, క్రిస్టీనా. ఇంట్లో ఉన్నది నలుగురం."

"అదే నేనూ అడుగుతున్నాను."

మెర్సీ మెల్లగా కుర్చీలో కూర్చుంది. మూడు శుక్రవారాలుగా కాలేబు ఫెలోషిప్‌కి రావడం లేదు. ఫోన్ మోగితే వరండాలోకి పోతున్నాడు. మంచం కింద సంచిలో కొత్త ఉన్ని టోపీ ఒకటి కనపడితే, ఎవరిదని అడిగింది. స్నేహితుడిది అన్నాడు. ఇప్పుడేమో రెండు తలుపులు, దుప్పట్లు. ఎవరికి ఇల్లు పెడుతున్నాడు ఈయన?

కాలేబు స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. కృపమ్మ కాగితం చెంగులో దాచేసింది.

"ఇవాళైనా ప్రార్థనకి వస్తున్నావేట్రా?"

"లేదమ్మా, స్టోర్‌లో స్టాక్ చూడాలి."

"శుక్రవారం కూడానా?"

"కఫీల్ రమ్మన్నాడు. నేనేం చెయ్యను?"

"నిన్న ఎక్కడ తడిశావు?"

కాలేబు తువ్వాలు ఆపాడు. ఒక్క క్షణమే. "పైపు పగిలింది" అన్నాడు. తల్లి కళ్లలోకి చూడలేదు. టీ తాగకుండానే కారు తాళాలు తీసుకుని బయటపడ్డాడు. ఎప్పుడూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి "వస్తానమ్మా" అనేవాడు ఆ రోజు అనలేదు.

దానియేలు కూడా అలాగే చెప్పకుండా వెళ్లాడు. సర్వే పార్టీలో ఖలాసీ పని. కొండల్లో డేరాలు వేయడం, పీకడం, చిరిగితే ఇంటికి తెచ్చి బాగు చేయించడం. డెబ్బై నాలుగు డిసెంబరులో చింతపల్లి పైన సర్వేకని తెల్లవారకముందే బయల్దేరిపోయాడు. ఆమెను లేపను కూడా లేదు. పన్నెండో రోజున నిద్రలో గుండె ఆగిందని కబురొచ్చింది. అక్కడే పూడ్చేశారు. ఇంటికి వచ్చింది ఆయన సంచి ఒక్కటే. అప్పటికి కాలేబుకు నాలుగేళ్లు.

చెప్పకుండా వెళ్లినవాళ్లు తిరిగి రారని అప్పటి నుంచీ ఆమె భయం.

"నానమ్మా, నాన్న ఎక్కడికెళ్లాడో నాకు తెలుసు" అంది క్రిస్టీనా, సగం వేసిన జడతో. ఎనిమిదేళ్ల పిల్ల. "కానీ చెప్పను."

"ఎందుకమ్మా?"

"నీకు చెప్తే ఏడుస్తావంట. కర్జకాన్ తోట సంగతి అస్సలు చెప్పొద్దన్నాడు." అని నాలుక కరుచుకుంది.

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెర్సీ లేచి చెప్పులు వేసుకుంది. "పదండి అత్తయ్యా. ప్రార్థన వచ్చే వారం కూడా ఉంటుంది."

కింద వాటాలో ఉండే ఇస్హాఖ్‌ది జగిత్యాల. సొంత కారులో బేరాలు తోలుతాడు. బుదైయాలోని ఇంటి నుంచి కర్జకాన్ దాకా అతని నోరు ఆగలేదు.

"గా తోట నాకెరుకే అమ్మా. కాలేబు భాయ్ కఫీల్‌దే గది. చలికాలమొస్తే ఈ అరబ్బులకు ఇండ్లల్ల కాళ్లు నిలవయ్. పిల్లా జెల్లా సఖీర్ ఎడారిల డేరాలేసుకొని కూసుంటరు. పైసలున్నోళ్లు డేగలు పట్టుకొని వేటకే పోతరు, ఆడ సౌదీ ఉత్తరం దిక్కు. బాల్టీల నీళ్లు గడ్డగడ్తయంట!"

"మనవాళ్లు కూడా వెళ్తారా?" అని అడిగింది కృపమ్మ.

"మనోళ్లు లేకుంటే వాళ్లకు చాయ్ ఎవలు వెట్టాలె?" అని నవ్వాడు ఇస్హాఖ్. అద్దంలో ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు.

మెర్సీ కిటికీ బయటికి చూస్తోంది. ఇల్లు కాదు, ఇంకో సంసారం కాదు. తన అనుమానం తేలిపోయినందుకు సంతోషించాలో, అత్తగారి అనుమానం నిజమవుతున్నందుకు బాధపడాలో ఆమెకు తెలియలేదు.

ఖర్జూరపు చెట్ల వెనక ఖాళీ స్థలంలో లేత గోధుమరంగు డేరా ఒకటి నిలబడి ఉంది. చిన్న గది అంత ఉంది. కాలేబు పొట్టి నిచ్చెన మీద నిలబడి, తోట పైపుతో దాని మీద నీళ్లు కొడుతున్నాడు. కారు దిగిన తల్లినీ, భార్యనీ, పాపనీ చూశాడు. పైపు నీళ్లు అతని పాదాల మీదే పడుతున్నా పట్టించుకోలేదు.

"స్టాక్ బాగా తడుస్తోందండీ" అంది మెర్సీ.

"మెర్సీ, నేను చెప్తాను..."

"నాకు కాదు, మీ అమ్మకి చెప్పండి."

కృపమ్మ డేరా దగ్గరికి నడిచింది. "ఎప్పుడెళ్తున్నావు?"

దాచి లాభం లేదని కాలేబుకు తెలిసిపోయింది. "డిసెంబరు పదో తారీఖు. కఫీల్ వాళ్లతో సౌదీకి, వేటకి. నలభై రోజులు. పోయినేడు వెళ్లిన స్టోర్ మనిషి ఇంటికెళ్లిపోయాడు, ఈసారి నువ్వే రావాలన్నాడు కఫీల్. డేరా కూడా నన్నే చూసి తెమ్మన్నాడు. వెళ్లే ముందు వారం రోజులు సఖీర్‌లో మన ఇంటివాళ్లతో వాడి చూడమన్నాడమ్మా. పాపకి తోట సంగతే తెలుసు, ఇది సర్‌ప్రైజు."

"ఎనిమిది మంది ఎవరు?"

"ఏ ఎనిమిది మంది? ఓ, అదా! అమ్మేవాడు ఎనిమిది మందికని రాస్తాడమ్మా, అగ్గిపుల్లల్లా పడుకోబెడితే. మధ్యలో పొయ్యి, పక్కన మంచాలు వేస్తే నలుగురే పడతారు. వేటకైనా నలుగురే, మనమైనా నలుగురమే."

"మరి ఈ నీళ్లేంటి? కొత్త డేరాని పాడు చేస్తున్నావు."

"నూలు డేరా కొనగానే ఇలా రెండు మూడుసార్లు తడిపి ఆరబెట్టాలి. దారం ఉబ్బి సూది కన్నాలు పూడుకుంటాయి. అప్పుడిక వాన దిగదు. నైలానుది తేలిగ్గా ఉంటుంది గానీ లోపల చెమట కారుతుంది, నిప్పురవ్వ పడితే అంతే."

అంతా సరిగ్గానే చెబుతున్నాడు. అయినా ఇంకేదో మిగిలిపోయిందని కృపమ్మకు అనిపించింది. "నాకు ఎప్పుడు చెబుదామనుకున్నావు?"

కాలేబు తల దించుకున్నాడు. "వెళ్లాక ఫోన్ చేద్దామని."

"వెళ్లాక!" ఆ ఒక్క మాటే అంది. అని, వంగి డేరాలోకి వెళ్లిపోయింది. కొడుకు ముందు ఏడవడం ఆమెకు ఇష్టం లేదు.

లోపల నీటి చుక్కలు అక్కడక్కడా రాలుతున్నాయి. రెండు వైపులా తలుపులు. పైన పొగగొట్టానికి గుండ్రటి దారి. నాలుగు మూలలా పైన అరచేయంత కిటికీలు, వలగుడ్డ వేసినవి. వాటి మీద మూతలు లేవు. కత్తిరించి తీసేసిన గుర్తులు ఉన్నాయి. నీళ్లు గడ్డకట్టే చలిలో వీడు వీటి కింద పడుకుంటాడా? కోపం ఎక్కడిదక్కడే పోయింది. తల్లి మనసు ఇంకో పనిలో పడింది.

"ఒరే, ఈ గాలి కన్నాలకి మూతలేవి? చలి కోసేయదూ? పాత జీన్ ప్యాంటు ఏదన్నా ఉంటే ఇవ్వు, సాయంత్రానికి రెండేసి వరసలు కుట్టేస్తాను. నా కుట్టు..."

"ముట్టుకోకమ్మా! కుట్టొద్దు దాన్ని!"

ఆ అరుపుకు క్రిస్టీనా ఉలిక్కిపడి తల్లి చెయ్యి పట్టుకుంది. కాలేబు ఎప్పుడూ అలా అరవడు. తలుపు దగ్గర రెండు చేతులూ అడ్డం చాపి నిలబడ్డాడు.

"ఎందుకురా అంత అరుపు? మీ నాన్న డేరాకి కుట్టింది నేనే కదా. చలికి తట్టుకోలేకపోతున్నానంటే రాత్రంతా కూర్చుని రెండు కన్నాలూ..."

కృపమ్మ ఆగింది. కొడుకు మొహం చూసింది. మళ్లీ పైకి, కత్తిరించిన మూతల గుర్తులు చూసింది.

"మూతలు నువ్వే కోసేశావా?"

"ఎవరూ మూయకుండా ఉండాలని."

"మీ నాన్న గుండె ఆగి పోయాడు."

"అవునమ్మా."

"నా మొహం చూసి చెప్పు."

కాలేబు చూడలేకపోయాడు. వెళ్లి నీళ్లు కట్టేసి వచ్చాడు. ఆ నాలుగడుగులూ నడిచే లోపల ఆమెకు సగం తెలిసిపోయింది.

"ఎనిమిదేళ్ల కిందట, నేను ఇక్కడికొచ్చే ముందు భీమేశ్వరరావు గారు కబురు పెట్టారు. నాన్నతో పనిచేసిన ఖలాసీ. మంచం మీద ఉన్నారు. నాన్న సామాన్ల డేరాలో ఒక్కరే పడుకున్నారట. చలికి బొగ్గుల కుంపటి లోపల పెట్టుకున్నారు. పొద్దున తలుపు తాళ్లు విప్పితే..." కాలేబు పైన వలగుడ్డ కిటికీ వైపు చూశాడు. "బొగ్గుల విషగాలి బయటికి పోయే దారి లేదమ్మా."

కృపమ్మ తడినేల మీద కూలబడింది. ఏడుపు రాలేదు. రెండు చేతులూ ముందు పెట్టుకుని, ఎవరివో అన్నట్టు చూసుకుంది. "ఎర్ర దారం" అంది. "ఖాకీ గుడ్డకి ఎర్ర దారంతో కుట్టాను. ఊడితే అడుగు అన్నాను."

మెర్సీ చీర తడుస్తుందని చూడకుండా పక్కన కూర్చుని ఆ చేతులు పట్టుకుంది. "అత్తయ్యా, ఇటు చూడండి. కుంపటి లోపల పెట్టి పడుకోకూడదని మీకెవరు చెప్పారు? మామయ్యకెవరు చెప్పారు? ఇన్నేళ్ల తర్వాత కూడా చలికాలంలో క్లినిక్‌కి ఇలాంటివాళ్లు వస్తుంటారు. చదువుకున్నవాళ్లే వస్తారు. మిమ్మల్ని ఆయన చలికి కుట్టమన్నారు, మీరు కుట్టారు. అంతే."

"ఇంకోటి కూడా చెప్పారమ్మా భీమేశ్వరరావు గారు" అన్నాడు కాలేబు, ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని. "దారిలో నాన్న అన్నారట, 'రాత్రంతా కూర్చుని కుట్టింది, ఇప్పుడే కన్నంటుకుంది, లేపబుద్ధి కాలేదు' అని. అందుకే చెప్పకుండా వెళ్లారు."

అప్పుడు వచ్చింది ఏడుపు. ఏం తప్పు చేశానని లేపకుండా వెళ్లాడో అని ముప్పై ఒక్క ఏళ్లు తనను తానే నిలదీసుకుంది. ఆ ప్రశ్నకు జవాబు ఈ తడి డేరాలో దొరికింది. బయట ఇస్హాఖ్ కారు దగ్గర నిలబడి అటు తిరిగిపోయాడు.

చాలాసేపటికి ఆమె చెంగుతో మొహం తుడుచుకుని కొడుకు తడి జుట్టు మీద చెయ్యి వేసింది. "ఎనిమిదేళ్లు ఒక్కడివే మోశావేట్రా దీన్ని?"

"నువ్వు మొయ్యలేవనుకున్నాను."

"నిన్ను దొంగలా చూశాను ఇవాళ. జేబులు వెతికాను."

"అది ముందు నుంచీ వెతుకుతున్నారులెండి" అంది మెర్సీ ముక్కు చీదుతూ. కృపమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

రెండు వారాల తర్వాత సఖీర్ ఎడారిలో తెల్లవారుతోంది. డేరా గోడలు గోధుమరంగు నుంచి పసుపులోకి మారుతున్నాయి. రాత్రి బయటే వండుకుని, పొయ్యి ఆరిందో లేదో ఒకటికి మూడుసార్లు చూశాకే కృపమ్మ అందరినీ పడుకోనిచ్చింది. ఆమె ఏరి కోరి గాలి కన్నం కిందే పక్క వేసుకుంది.

"చలేస్తోంది నానమ్మా" అంది క్రిస్టీనా దుప్పట్లోంచి. "ఆ కిటికీలో నా స్వెటర్ పెట్టెయ్యనా?"

"వద్దమ్మా. నా దుప్పట్లోకి రా."

పిల్ల వచ్చి ఒదిగింది. అటు మంచం మీద కాలేబు మెలకువగానే ఉన్నాడు, వింటున్నాడని ఆమెకు తెలుసు.

"రేపేనా బయల్దేరేది?"

"రేపు పొద్దున్నే అమ్మా. నాలుగింటికి బండి వస్తుంది."

"నేను నిద్రపోతూ ఉంటే లేపు."

"లేపుతానమ్మా."

"ఎంత గాఢంగా నిద్రపోతున్నా సరే."

"సరేనమ్మా."

కృపమ్మ పైకి చూసింది. వలగుడ్డలోంచి చల్లటి గాలి నేరుగా మొహం మీద పడుతోంది. కప్పుకోలేదు. కళ్లు మూసుకుని నిండుగా ఊపిరి పీల్చుకుంది. పక్కన పిల్ల ఊపిరి, అవతల కోడలి ఊపిరి, కొడుకు ఊపిరి ఒక్కొక్కటిగా విని, నలుగురూ ఉన్నారని తేల్చుకుంది.

"వెళ్లిరా నాయనా" అంది మెల్లగా, రేపటి దాకా ఆగలేక.